కాంబినేషన్ ప్రోడక్ట్‌కి పార్ట్‌నర్: విడిపోతే ఎవరి దగ్గర ఏం మిగులుతుందో ముందే తేల్చుకోండి

మీ ప్రశ్న పూర్తిగా చదివాను. తర్వాత చదివేవాళ్ళ కోసం క్లుప్తంగా మళ్ళీ చెప్తాను. మీరు ఫార్మసీ చదివి ఇంజెక్షన్ల కంపెనీలో పనిచేస్తున్నారు. మీ స్నేహితుడు మెకానికల్ ఇంజనీర్. రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్ళవాతం) పేషెంట్లు ఇంట్లో తమంతట తామే వేసుకునేలా ఇద్దరూ కలిసి మెథోట్రెక్సేట్ ఆటోఇంజెక్టర్ (ఒంటికి ఆనించి నొక్కితే దానంతట అదే మందు ఎక్కించే పరికరం) ఒకటి డిజైన్ చేశారు. నమూనా పనిచేస్తోంది. మీ బావమరిది ద్వారా ఒక ఇన్వెస్టర్ దొరికారు. హైదరాబాద్ శివార్లలోని ఒక స్టెరైల్ ఇంజెక్షన్ల కంపెనీ మందు నింపుతామని, పరికరం బిగిస్తామని, లైసెన్సులు తెప్పించి అమ్మిపెడతామని ముందుకొచ్చింది. లాభంలో సగం, పేటెంట్ ఉమ్మడిగా, ప్రపంచవ్యాప్త హక్కులు తమకు అంటున్నారు. ఒప్పుకోవచ్చా, ఇన్వెస్టర్‌ని నమ్మవచ్చా అని అడిగారు.

మీరు ఇన్వెస్టర్ గురించి మూడు పేరాలు రాశారు, కంపెనీ గురించి రెండు మూడు వాక్యాలతో సరిపెట్టారు. నేనైతే కంపెనీ గురించే ఎక్కువ ఆలోచిస్తాను. ఇన్వెస్టర్‌తో పొసగకపోతే ఇంకొకరిని వెతుక్కోవచ్చు, వాటా వెనక్కి కొనుక్కోవచ్చు. మందు నింపే కంపెనీ అలా కాదు. మందూ పరికరమూ కలిసిన ఉత్పత్తిలో, అంటే కాంబినేషన్ ప్రోడక్ట్‌లో, వాళ్ళ లైను, వాళ్ళ లైసెన్సు, వాళ్ళ స్టెబిలిటీ డేటా (మందు ఎంతకాలం పాడవకుండా ఉంటుందో చూపే పరీక్షల వివరాలు), వాళ్ళ క్వాలిటీ విభాగం అన్నీ మీ ఉత్పత్తిలో భాగమైపోతాయి. మామూలు మాత్రల వ్యాపారంలో కాంట్రాక్ట్ తయారీదారుని మార్చడం కష్టమే గానీ అందరూ నడిచిన దారి. ఇక్కడ మార్చాలంటే చాలా పరీక్షలు మళ్ళీ మొదటి నుంచి చేయాలి. అందుకే ఈ రంగంలోకి వచ్చేవాళ్ళకు నేను ముందుగా చెప్పేది ఒకటే. ఎలా కలిసి పనిచేస్తాం అన్నదానికంటే ముందు, రేపు విడిపోతే ఎవరి దగ్గర ఏం మిగులుతుంది అన్నది కాగితం మీద తేల్చుకోండి.

ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పడం లేదు. పెద్ద కంపెనీలకే జరిగిన సంగతులు ఉన్నాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే విషయం బాగా అర్థమవుతుంది.

ఎక్సుబెరా అని పీల్చుకునే ఇన్సులిన్ ఒకటి వచ్చింది. ఇన్హేలర్, పొడి చేసే పద్ధతి నెక్టార్ అనే చిన్న కంపెనీవి. మార్కెట్ బలం ఫైజర్‌ది. 2006 జనవరిలో అమెరికాలో, ఐరోపాలో అనుమతి వచ్చింది. అంతకుముందు పార్ట్‌నర్‌గా ఉన్న సనోఫీ-అవెంటిస్ వాటాను ఫైజర్ 130 కోట్ల డాలర్లు పెట్టి కొనుక్కుంది. అంత నమ్మకం వాళ్ళకు. కానీ ఇన్హేలర్ పెద్దది, నలుగురిలో తీసి వాడుకోవడానికి జనం ఇబ్బంది పడ్డారు. వాడే ముందు ఊపిరితిత్తుల పరీక్ష చేయించుకోవాలి. డోసు చూస్తే ఇంకా చిక్కు. ఇన్సులిన్ వాడేవాళ్ళందరికీ యూనిట్లు అలవాటు, ఇది మిల్లీగ్రాముల్లో వచ్చింది. పైగా 1 మిల్లీగ్రాము ప్యాకెట్లు మూడు పీలిస్తే, 3 మిల్లీగ్రాముల ప్యాకెట్ ఒకటి పీల్చినదానికంటే ఎక్కువ ఇన్సులిన్ ఒంట్లోకి వెళ్తుంది. 3 మిల్లీగ్రాములది అయిపోతే 1 మిల్లీగ్రామువి మూడు అని పేషెంట్ లెక్క వేసుకుంటే షుగర్ పడిపోయే ప్రమాదం. మందు పనిచేసింది, పరికరమూ పనిచేసింది, రెండూ కలిసి మనిషి చేతిలో పడ్డప్పుడు కుదరలేదు. 2007 అక్టోబరులో ఫైజర్ 280 కోట్ల డాలర్ల నష్టం రాసుకుని తప్పుకుంది. నెక్టార్ వేరే పార్ట్‌నర్ కోసం వెతికింది. ఈలోగా 2008 ఏప్రిల్‌లో ఊపిరితిత్తుల క్యాన్సర్ కేసుల గురించిన హెచ్చరిక లేబుల్‌లో చేరింది. ఆ వెతుకులాట అక్కడితో ఆగిపోయింది.

అదే కోవలో అఫ్రెజా. ఇదీ పీల్చుకునే ఇన్సులినే, మ్యాన్‌కైండ్ అనే అమెరికా కంపెనీది. 2014 జూన్‌లో అనుమతి, ఆగస్టులో సనోఫీతో ఒప్పందం, ముందుగా 15 కోట్ల డాలర్లు. అమ్మకాలు రాలేదు, 2016 జనవరిలో సనోఫీ ఒప్పందం రద్దు చేసుకుంటున్నట్టు ప్రకటించింది. చాలామంది ఇక మూతే అనుకున్నారు. కానీ కనెటికట్‌లోని డాన్‌బరీలో ఉన్న ఫ్యాక్టరీ మ్యాన్‌కైండ్ సొంతం. ఇన్హేలర్ కూడా వాళ్ళదే. హక్కులు వెనక్కి తీసుకుని తామే అమ్ముకోవడం మొదలుపెట్టారు. ఇప్పటికీ అమ్ముతున్నారు. మన దేశంలో సిప్లాతో ఒప్పందం చేసుకున్నారు, 2024 డిసెంబరులో ఇక్కడ కూడా అనుమతి వచ్చింది.

మూడోది మీకు బాగా దగ్గరైనది. ఎరిక్, ఎవాన్ ఎడ్వర్డ్స్ అనే కవల అన్నదమ్ములకు చిన్నప్పటి నుంచి తీవ్రమైన అలర్జీలు. జేబులో పట్టేలా, ఎలా వాడాలో గొంతుతో చెప్పేలా ఎపినెఫ్రిన్ (అలర్జీ ప్రాణం మీదకు వచ్చినప్పుడు వేసే మందు) ఆటోఇంజెక్టర్ చేశారు. అదే ఆవీ-క్యూ. సనోఫీకి లైసెన్స్ ఇచ్చారు. 2013 మొదట్లో మార్కెట్లోకి వచ్చింది. 2015 అక్టోబరులో డోసు సరిగ్గా వెళ్ళకపోవచ్చన్న అనుమానంతో సనోఫీ మొత్తం సరుకు వెనక్కి తీసుకుంది. 2016లో హక్కులు వాపసు ఇచ్చేసింది. అన్నదమ్ముల కంపెనీ కలేయో తయారీ పద్ధతిని మొత్తం తిరగరాసి, రోబోలతో నడిచే లైను పెట్టుకుని 2017 ఫిబ్రవరిలో మళ్ళీ తెచ్చింది.

మూడు ఒప్పందాలూ తెగిపోయాయి. రెండు ఉత్పత్తులు బతికాయి. ఎక్సుబెరా పోవడానికి వేరే కారణాలు కూడా ఉన్నాయి, కాదనను. కానీ ఫైజర్ వెళ్ళిపోయిన రోజున నెక్టార్ దగ్గర ఇన్హేలర్ ఉంది, ఇన్సులిన్ తయారీ, అమ్మకం తన చేతుల్లో లేవు. మ్యాన్‌కైండ్, కలేయోల దగ్గర మళ్ళీ నిలబడటానికి సరిపడా సరంజామా ఉంది. ఇప్పుడు మీరు ఒప్పుకోబోతున్న ఏర్పాటు చూడండి. నింపడం వాళ్ళది, బిగించడం వాళ్ళది, లైసెన్స్ వాళ్ళ పేరు మీద, అమ్మకం వాళ్ళది, పేటెంట్‌లో సగం వాళ్ళది. రెండేళ్ళకు వాళ్ళకు ఆసక్తి పోతే మీ దగ్గర మిగిలేది డ్రాయింగులు మాత్రమే.

ఇక మీ ఉత్పత్తి సంగతి. మెథోట్రెక్సేట్ ఎంచుకోవడం మంచి ఆలోచనే, అవసరం ఉన్నది. అమెరికాలో చర్మం కింద ఇచ్చే మెథోట్రెక్సేట్ ఆటోఇంజెక్టర్ ఆట్రెక్సప్‌కు 2013లోనే అనుమతి వచ్చింది, ఆ మరుసటి ఏడాది రాసువో వచ్చింది. ఆ రెండు కంపెనీలు పేటెంట్ల మీద 2014లో కోర్టుకెక్కాయి. కాబట్టి మీ డిజైన్ వాటికి అడ్డం పడుతుందా అన్నది పేటెంట్ అటార్నీతో చూపించుకున్నారో లేదో మీరు రాయలేదు. అది చేయకుండా ఇన్వెస్టర్ డబ్బు తీసుకోకండి.

మీ మందుకు ప్రత్యేకమైన విషయాలు కొన్ని ఉన్నాయి. ఇవే మీ పార్ట్‌నర్ ఎవరన్నది నిర్ణయిస్తాయి.

మెథోట్రెక్సేట్ సైటోటాక్సిక్ మందు, అంటే ఒంట్లోని కణాలను దెబ్బతీసేది. మామూలు యాంటీబయాటిక్ నింపే లైను మీద ఇది నింపడానికి లేదు. విడిగా ప్రాంగణం, విడిగా గాలి సరఫరా, ఆపరేటర్ల రక్షణ, వ్యర్థాల ఏర్పాట్లు కావాలి. ఆ కంపెనీ స్టెరైల్ ఇంజెక్షన్లు చేస్తుందన్నారు. సైటోటాక్సిక్ లైను ఉందా? వయల్స్ (మందు సీసాలు) నింపే లైనా, ముందే నింపిన సిరంజీల లైనా? ఈ రెండూ వేరు. వయల్ లైను ఉన్న కంపెనీ "సిరంజీ కూడా చేసేస్తాం" అంటే, దాని అర్థం మీ డబ్బుతో, మీ ఉత్పత్తి మీద నేర్చుకుంటామని. తప్పు కాదు, కానీ దానికి తగ్గట్టు గడువు, వాటా మాట్లాడుకోవాలి.

ఈ మందుకు వెలుతురు పడదు. ఆటోఇంజెక్టర్‌కేమో లోపల మందు తేటగా ఉందా, ఇంజెక్షన్ పూర్తయిందా అని చూడటానికి కిటికీ కావాలి. కిటికీ పెద్దదైతే మందుకు నష్టం, చిన్నదైతే చూపు మందగించిన పెద్దవాళ్ళకు కనిపించదు. ఈ పేచీ ఇంజనీర్ ఒక్కడే తేల్చలేడు, ఫార్మసిస్ట్ ఒక్కరే తేల్చలేరు. వెలుతురు పరీక్షలు విడి సిరంజీతో కాకుండా పూర్తిగా బిగించిన పరికరంతో, బయట అట్టపెట్టెతో, అట్టపెట్టె లేకుండా చేయించాలి. మీ పార్ట్‌నర్ కంపెనీ ల్యాబ్‌కు ఈ తేడా చెప్పకుండానే తెలిస్తే అది మంచి లక్షణం.

పేషెంట్ల చేతులు. వేళ్ళ కీళ్ళు వాచిపోయి, పొద్దున్నే పిడికిలి కూడా బిగించలేనివాళ్ళు దీన్ని వాడతారు. మూత లాగడానికి ఎంత బలం కావాలి, తొడకు ఎంత గట్టిగా నొక్కాలి, ఎంతసేపు పట్టుకోవాలి అనేవి నిజమైన పేషెంట్లతోనే పరీక్షించాలి. ఆఫీసులోని కుర్రాళ్ళతో చేయించిన పరీక్ష ఎందుకూ పనికిరాదు. మన దగ్గర ఇంకో సంగతి కూడా ఉంది. ఇంట్లో ఇంజెక్షన్ వేసేది చాలాసార్లు పేషెంట్ కాదు, కోడలో కొడుకో పక్కింటి నర్సమ్మో. వాళ్ళతో కూడా చేయించండి. సూదికి ఆటోమేటిక్‌గా మూసుకునే కవచం లేకపోతే ఆ వేసేవాళ్ళకు సైటోటాక్సిక్ మందు ఉన్న సూది గుచ్చుకునే ప్రమాదం ఉంది.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది డోసు. ఆర్థరైటిస్‌కు మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ వేసుకుంటే ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణం మీదకు వస్తుంది. మాత్రలతోనే ఇలాంటి మరణాలు ప్రపంచమంతా జరిగాయి. మీరు ఇంజెక్షన్‌ని ఎంత సులభం చేస్తే, పొరపాటున మళ్ళీ వేసుకోవడం కూడా అంత సులభమవుతుంది. ప్యాకింగ్‌లో నాలుగు పరికరాలు పక్కపక్కనే పెట్టి అమ్ముదామన్న సేల్స్ వాళ్ళ మాట వినకండి. వారం పేరు రాసుకునే చోటు, తెలుగులో, హిందీలో పెద్ద అక్షరాల హెచ్చరిక, ఒక్కో పరికరానికి విడి అట్టపెట్టె, ఇవన్నీ డిజైన్‌లో భాగమే. ఇలాంటి వాటికి ఖర్చు పెట్టడానికి పార్ట్‌నర్ గొణుగుతున్నాడంటే ఆ ఒక్క కారణంతోనే నేను లేచి వచ్చేస్తాను.

డోసుల సంఖ్య కూడా చూసుకోండి. రాసువో 7.5 నుంచి 30 మిల్లీగ్రాముల దాకా చాలా బలాల్లో దొరుకుతుంది. మీరూ అలా అన్ని బలాలూ పెడదామనుకుంటే ఒక్కోదానికీ నింపే పరిమాణం, పిస్టన్ నిలిచే చోటు, డోసు కచ్చితత్వం విడిగా నిరూపించాలి. మొదట రెండు మూడు బలాలతో మొదలుపెట్టండి. (మీ మందు పలచనిది కాబట్టి ఒక బాధ తప్పింది. రేపు చిక్కగా ఉండే యాంటీబాడీ మందులకు ఇదే పరికరం వాడదామనుకుంటే మాత్రం గుర్తుపెట్టుకోండి, సూది లోపలి వ్యాసం సగానికి తగ్గితే అదే వేగంతో నెట్టడానికి 16 రెట్ల ఒత్తిడి కావాలి. మీ స్నేహితుడి స్ప్రింగ్ దానికి చాలదు.)

ఇప్పుడు పరికరాల మనుషులకూ మందుల మనుషులకూ మధ్య వచ్చే అసలు తగాదా. పరికరాల వాళ్ళు ప్లాస్టిక్ వయసు తేల్చడానికి 55 డిగ్రీల ఓవెన్‌లో పెడతారు. పది డిగ్రీలు పెరిగితే వయసు రెట్టింపు వేగంతో జరుగుతుందన్న లెక్క ప్రకారం, 25 డిగ్రీల దగ్గర రెండేళ్ళు అనుకున్నది మూడు నెలల్లో తేలుతుంది. మందు అలా ఒప్పుకోదు. మందులకు 40 డిగ్రీలు, 75 శాతం తేమలో ఆరు నెలలు, దానితో పాటు మామూలు ఉష్ణోగ్రతలో నిజంగా గడిచిన కాలం కావాలి. మీ స్నేహితుడు ఇన్వెస్టర్‌కి "మూడు నెలల్లో షెల్ఫ్ లైఫ్ తేల్చేస్తాం" అని చెప్పి ఉంటే ఆ మాట ఇప్పుడే సరిదిద్దండి. మందు ఉన్న సిరంజీ పరికరంలో కూర్చుని రెండేళ్ళు గడిచాక కూడా స్ప్రింగ్ అదే బలంతో నెట్టాలి, రబ్బరు పిస్టన్ అతుక్కోకూడదు, డోసు మొత్తం వెళ్ళాలి. అది చూడటానికి దగ్గరిదారి లేదు.

రబ్బరు, ప్లాస్టిక్, సిలికాన్ నూనెల నుంచి మందులోకి దిగే పదార్థాలు ఇంకో పెద్ద అధ్యాయం. ఎప్రెక్స్ అనే ఎరిత్రోపొయెటిన్ (రక్తం పట్టడానికి ఇచ్చే మందు) ఇంజెక్షన్‌లో 1998లో ఐరోపాలో ఫార్ములా మార్చి, మందు చెడిపోకుండా కలిపే అల్బుమిన్ తీసేసి పాలీసార్బేట్ 80 పెట్టారు. ఆ తర్వాత కొందరు కిడ్నీ పేషెంట్లలో ఎర్ర రక్తకణాల తయారీయే ఆగిపోయే జబ్బు పెరిగింది. కారణాల మీద చర్చ చాలాకాలం నడిచింది. పాలీసార్బేట్ వల్ల పూతలేని రబ్బరు మూత నుంచి పదార్థాలు దిగాయన్నది ప్రధానమైన అనుమానాల్లో ఒకటి. మూతలకు పూత వేయించారు. మందు మార్చినవాళ్ళు మూత సంగతి, మూత కొన్నవాళ్ళు మందు సంగతి ఒకరికొకరు చెప్పుకోకపోతే ఏమవుతుందో చెప్పడానికి నేను ఈ ఉదాహరణే వాడతాను.

నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో ఇలాంటిదే చిన్న స్థాయిలో జరిగింది. పరికరం లోపలి భాగాలు పోత పోసే సప్లయర్ అచ్చు నుంచి ముక్క తేలిగ్గా ఊడిరావడానికి కొట్టే స్ప్రే మార్చాడు. మాకు చెప్పలేదు. అడిగితే, డ్రాయింగ్ మారితేనే చెప్పాలని ఒప్పందంలో ఉందన్నాడు. స్టెబిలిటీ శాంపిళ్ళలో ఇంజెక్షన్ పట్టే సమయం కొంచెం కొంచెంగా పెరుగుతూ వచ్చినప్పుడు గానీ బయటపడలేదు. అప్పటికి ఆ ముక్కలతో చేసిన బ్యాచ్‌లు మూడు ఉన్నాయి, అన్నీ పక్కన పడేశారు. అందుకే మీ క్వాలిటీ అగ్రిమెంట్‌లో "మార్పు" అంటే ఏంటో విడమరిచి రాయించండి. ప్లాస్టిక్ గ్రేడు, రంగు పొడి, స్ప్రే, యంత్రం, ఊరు, ఉప సప్లయర్, ఏది మారినా ముందే రాతపూర్వకంగా చెప్పాలి, మీరు ఒప్పుకున్నాకే మార్చాలి.

నిబంధనల గురించి ఎక్కువ రాయను, కన్సల్టెంట్లు చెప్తారు. దిశ మాత్రం తెలుసుకోండి. అమెరికాలో ముఖ్యంగా పనిచేసేది మందా పరికరమా అన్నదాన్ని బట్టి ఏ విభాగం చూడాలో తేలుస్తారు. మీ ఉత్పత్తిలో అది మందే. కానీ 2013 నుంచి అమల్లో ఉన్న ప్రత్యేక తయారీ నిబంధనల ప్రకారం పరికరం వైపు డిజైన్ కంట్రోల్స్ (డిజైన్‌ను అడుగడుగునా పరీక్షించి రాసిపెట్టే పద్ధతి) కూడా చూపించాల్సిందే. ఐరోపాలో 2021 మే నుంచి పరికరం భాగానికి నోటిఫైడ్ బాడీ (పరికరాలను పరిశీలించే గుర్తింపు పొందిన సంస్థ) అభిప్రాయం కూడా కావాలి. మన దేశంలో 2017 నాటి మెడికల్ డివైసెస్ రూల్స్ ఉన్నాయి, మందు పూసిన స్టెంట్ లాంటివి వాటి కింద అత్యంత ప్రమాద తరగతి అయిన డి లోకి వస్తాయి. ముందే నింపిన ఆటోఇంజెక్టర్‌ను మాత్రం మందు వైపు నుంచి చూస్తారు, కొత్త రూపం కాబట్టి 2019 నాటి కొత్త మందుల నిబంధనలు వర్తించే అవకాశం ఎక్కువ. అంటే లైసెన్స్ మామూలుగా మందు తయారుచేసే కంపెనీ పేరు మీదే ఉంటుంది. ఇది మీరు మార్చడం కష్టం. దాని చుట్టూ ఒప్పందం ఎలా కట్టుకోవాలన్నదే మీ చేతిలో ఉంది.

కంపెనీని పరిశీలించడానికి వెళ్ళినప్పుడు కాన్ఫరెన్స్ రూములో ప్రజెంటేషన్ చూసి రాకండి. ముందు ఇంట్లో కూర్చుని అమెరికా ఎఫ్‌డీఏ (అక్కడి మందుల నియంత్రణ సంస్థ) వెబ్‌సైట్‌లో వాళ్ళ పేరు మీద తనిఖీలు, హెచ్చరిక లేఖలు ఉన్నాయేమో చూడండి, అవి అందరికీ కనిపిస్తాయి. కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో డైరెక్టర్లు ఎవరు, ఆస్తుల మీద బ్యాంకు ఛార్జీలు (అప్పులకు పెట్టిన తాకట్టులు) ఎన్ని ఉన్నాయి అన్నది చూడండి. ఈ-కోర్ట్స్ అనే కోర్టుల వెబ్‌సైట్‌లో కేసులు వెతకండి. వాళ్ళతో ఇంతకుముందు పనిచేసి బయటకు వచ్చినవాళ్ళతో మాట్లాడండి, ఇప్పుడు కలిసి ఉన్నవాళ్ళు మంచే చెప్తారు. ఫ్యాక్టరీకి వెళ్ళాక ఫిర్యాదుల రిజిస్టరు నుంచి ఏదో ఒక పాత ఫిర్యాదు తీయించి, మొదటి నుంచి చివరిదాకా ఏం చేశారో చూపించమనండి. ఎపిపెన్ అనే ఎపినెఫ్రిన్ ఆటోఇంజెక్టర్‌ను తయారుచేసిన మెరిడియన్ కంపెనీకి 2017 సెప్టెంబరులో ఎఫ్‌డీఏ హెచ్చరిక లేఖ ఇచ్చింది, పరికరాలు పనిచేయలేదన్న ఫిర్యాదులను సరిగ్గా దర్యాప్తు చేయలేదని. చెడ్డపేరు, పత్రికల్లో తిట్లు మాత్రం అప్పట్లో దాన్ని అమ్మిన మైలాన్‌కు కూడా వచ్చాయి. ఆ తర్వాత 2018లో కొరత వచ్చి అలర్జీ పిల్లల తల్లిదండ్రులు మందుల షాపుల చుట్టూ తిరిగారు. రేపు పెట్టె మీద మీ పేరుంటే పేషెంటుకు మీరే జవాబుదారీ. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉత్పత్తి బాధ్యత మీద ఒక అధ్యాయమే ఉంది.

ఇంకొకటి గమనించండి. క్వాలిటీ హెడ్ మాట్లాడుతుంటే యజమాని అడ్డుపడతారా? "అది చూసుకుంటాం లెండి" అని మాట మారుస్తారా? బ్యాచ్ వదలను అని క్వాలిటీ హెడ్ అంటే ఆ కంపెనీలో ఆ మాట చెల్లుతుందా? ఇది ఏ పత్రంలోనూ ఉండదు, రెండు మూడుసార్లు వెళ్ళి కూర్చుంటే తెలిసిపోతుంది.

కాగితాల దగ్గరకు వస్తే, నేను గట్టిగా వద్దనేది ఉమ్మడి పేటెంట్. మన పేటెంట్ల చట్టం 1970లో 50వ సెక్షన్ చదవండి. వేరే ఒప్పందం లేకపోతే ఉమ్మడి యజమానులందరికీ సమాన వాటా. ఎవరికి వారు, మిగతావాళ్ళకు లెక్క చెప్పకుండా, ఆ పేటెంట్‌ని వాడుకోవచ్చు. కానీ ఇంకొకరికి లైసెన్స్ ఇవ్వాలన్నా, వాటా అమ్మాలన్నా అందరి ఒప్పుదల కావాలి. మీ పరిస్థితికి దీన్ని పెట్టి చూడండి. వాళ్ళకు ఫ్యాక్టరీ ఉంది, మీకు లేదు. వాళ్ళు మీకు రూపాయి ఇవ్వకుండా తయారుచేసుకోవచ్చు. మీరు వేరే ఫ్యాక్టరీకి లైసెన్స్ ఇవ్వాలంటే వాళ్ళ సంతకం కావాలి. అమెరికాలో ఇంకో రకం, అక్కడ ఉమ్మడి యజమాని ఎవరైనా మిగతావాళ్ళను అడగకుండానే లైసెన్స్ ఇచ్చేయవచ్చు. రెండు చోట్లా నష్టం మీకే. పరికరం పేటెంట్ మీ కంపెనీ పేరు మీదే ఉంచండి. వాళ్ళకు ఈ ఒక్క మందుకు, నిర్ణీత కాలానికి, కనీస అమ్మకాల షరతుతో లైసెన్స్ ఇవ్వండి. షరతు నెరవేరకపోతే హక్కు దానంతట అదే వెనక్కి రావాలి. కలిసి పనిచేస్తున్నప్పుడు పుట్టే మెరుగుదలలు కూడా పరికరానికి సంబంధించినవైతే మీవి, మందు ఫార్ములాకు సంబంధించినవైతే వాళ్ళవి అని విడగొట్టండి.

మీరు ప్రస్తుతం ఉద్యోగంలో ఉన్నారు. ఈ డిజైన్ మీద మీ కంపెనీకి హక్కు లేదని మీ అపాయింట్‌మెంట్ లెటర్ చూసి నిర్ధారించుకోండి. మీ స్నేహితుడు కూడా తన హక్కులను కొత్త కంపెనీకి రాతపూర్వకంగా బదిలీ చేయాలి, నోటిమాట పేటెంట్లలో చెల్లదు.

అచ్చులు ఎవరి డబ్బుతో చేయిస్తే వాళ్ళవే అని ఒప్పందంలో రాస్తారు, అది సరిపోదు. అవి వాళ్ళ దగ్గరో వాళ్ళ సప్లయర్ దగ్గరో ఉంటాయి. ఆ కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్తే 2016 దివాలా చట్టం 14వ సెక్షన్ కింద మారటోరియం (వసూళ్ళు, స్వాధీనాలు తాత్కాలికంగా ఆపడం) వస్తుంది. వాళ్ళ స్వాధీనంలో ఉన్న ఆస్తిని అసలు యజమాని కూడా ఆ కాలంలో వెనక్కి తీసుకోలేడు. అందుకే బ్యాంకు ఛార్జీలు చూడమన్నాను. వీలైతే అచ్చులు వేరే ప్లాస్టిక్ సప్లయర్ దగ్గర, మీతో నేరుగా ఒప్పందం ఉన్నచోట ఉంచండి. రెండో సెట్ అచ్చులకు డబ్బు పెట్టమని ఇన్వెస్టర్‌ని ఇప్పుడే అడగండి.

డేటా విషయంలో కూడా అంతే. స్టెబిలిటీ రిపోర్టులు, పరికరం పరీక్షలు, పేషెంట్లతో చేసిన అధ్యయనాలు, రిస్క్ ఫైలు, ఇవన్నీ ఎప్పటికప్పుడు మీకు కాపీ రావాలి, వేరే తయారీదారు కోసం వాడుకునే హక్కు మీకుండాలి. విడిపోయేటప్పుడు ఎన్ని నెలలపాటు సరఫరా కొనసాగించాలి, కొత్తచోటికి మార్చడానికి వాళ్ళ మనుషులు ఎంతకాలం సహకరించాలి, దానికి రుసుము ఎంత అన్నది ఈరోజు, అందరూ నవ్వుతూ టీ తాగుతున్నప్పుడే రాసుకోండి. పోటీ వ్యాపారం చేయకూడదన్న షరతు మీద మాత్రం ఆధారపడకండి. ఒప్పందం ముగిశాక అలాంటి షరతులు మన కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ కింద చాలావరకు చెల్లవు.

మీ ఇద్దరి మధ్య వాటా గురించి క్లుప్తంగా చెప్తాను. పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్ పెట్టకండి, 1932 చట్టం కింద ఒకరి అప్పుకు ఇంకొకరి ఇల్లు కూడా బాధ్యతే. ప్రైవేట్ లిమిటెడ్ పెట్టండి. సగం సగం అనుకున్నా ఆ వాటా నాలుగేళ్ళలో క్రమంగా దక్కేలా రాసుకోండి. మొదటి ఏడాది నిండకముందే ఒకరు ఉద్యోగం దొరికిందని వెళ్ళిపోతే సగం కంపెనీ వాళ్ళతో వెళ్ళకూడదు. ఇద్దరికీ కుదరనప్పుడు ఎవరి మాట చెల్లాలి అన్నది విషయాలవారీగా పంచుకోండి. పేషెంట్ భద్రత విషయంలో ఇద్దరిలో ఎవరు వద్దన్నా ఆగాల్సిందే అని రాసుకోండి.

ఇన్వెస్టర్ విషయంలో నేను చూసేది ఓపిక. ఆయన ఇదివరకు రియల్ ఎస్టేట్‌లో పెట్టారని రాశారు. అందులో తప్పేమీ లేదు. కానీ మీ ఉత్పత్తికి మొదటి రూపాయి రావడానికి ఏళ్ళు పడుతుంది, మధ్యలో ఒక బ్యాచ్ పాడైతే ఇంకా పడుతుంది. ఆయన ముందు ఆశావహమైన లెక్క కాకుండా, స్టెబిలిటీ ఒకసారి విఫలమైతే ఏమవుతుందో ఆ లెక్క పెట్టండి. అప్పుడు కూడా మాట్లాడటానికి సిద్ధంగా ఉంటే మంచి మనిషి. మీ బావమరిదిని మాత్రం మధ్యవర్తిగా ఉంచకండి. డబ్బు మాటలు ఆయన ద్వారా నడిస్తే, రేపు ఏదైనా తేడా వచ్చినప్పుడు ఇంట్లో కూడా ఇబ్బందే.

మీరు పంపిన షరతుల్లో నేనైతే మూడు మార్చమంటాను: ఉమ్మడి పేటెంట్ తీసేయాలి, ప్రపంచవ్యాప్త హక్కుల బదులు భారత్ వరకే ఇవ్వాలి, లాభంలో సగం అన్నచోట అమ్మకాల మీద రాయల్టీ రాయించాలి. లాభం ఎంతన్నది లెక్క రాసేవాళ్ళ చేతిలో ఉంటుంది, అమ్మకాల బిల్లులు మీరూ చూడగలరు. ఈ మూడింటికీ వాళ్ళు ఏమన్నారో, సైటోటాక్సిక్ సిరంజీ లైను ఉందో లేదో కనుక్కుని ఇక్కడే రాయండి. లైను లేకపోతే మిగతావి చర్చించే ముందు వేరే ఫ్యాక్టరీ చూసుకోవడం మేలు, దానికి ఏమేం అడగాలో అప్పుడు వివరంగా రాస్తాను.